రెండు తులాల పంకా

పంకాను బ్యాలెన్స్ చేయడమంటే దుమ్ము తుడవడం కాదు. ఈ మాట నా ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు చెప్పానో అదొక్కటే లెక్కపెట్టలేదు. మిగతావన్నీ లెక్కపెట్టాను. నాందేడ్‌లోని ఒక జిన్నింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్ళు ఫిట్టర్‌గా చేశాను. పత్తిని గాలితో ఎగరేసే పెద్ద బ్లోయర్ పంకాలు మొత్తం నా చేతి కిందే ఉండేవి. మిల్లు వదిలాక సొంత షెడ్డు పెట్టి ఐదేళ్ళు అదే పని చేశాను. చెవి తగ్గడంతో పోయిన ఏడు షెడ్డు మూసేశాను. తిరిగే వస్తువు మొరాయిస్తే మొదట తెలిసేది చెవికే. చెవి తగ్గినవాడు ఆ పనిలో ఉండకూడదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీ దగ్గర తెర మీద గీతలు చూపించే మెషీన్లు ఉన్నాయి. ఏ చోట ఎన్ని గ్రాములు తక్కువో అవే చెబుతాయి. నేను మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివినవాణ్ణి. పాత కాగితాలు అమ్మే దుకాణంలో దొరికిన ఒక లెక్కల పుస్తకం ముందు వేసుకుని వర్గాలు, ఘనాలు సొంతంగా నేర్చుకున్నాను. అందుకే ఊళ్ళో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, 'హిసాబ్' అని పిలిచేవాళ్ళు ఎక్కువ. ఆ పేరు విని కొంత మురిసేవాణ్ణి కూడా. ఆ మురిపెం ఏ వారంలో దిగిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

షెడ్డు పెట్టిన మూడో ఏడు. ఒక పొద్దున ఎడ్లబండి కంటే నెమ్మదిగా ఒక కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ముదురు ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, నా కంటే పాతికేళ్ళు పెద్ద వయసు. నాందేడ్‌లో ధాన్యం వ్యాపారం చేసే ఒక సేట్ గారి తాత దాన్ని హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో కొన్నాడట. దాన్ని నలభై ఏళ్ళుగా నడుపుతున్నది ఒకే మనిషి. ఉమ్రి దగ్గరి పల్లె ఆయనది, అరవై ఎనిమిదేళ్ళు. అందరూ డ్రైవర్ మామ అనేవాళ్ళు. నేనూ అంతే.

మామ బానెట్ ఎత్తి చూపించాడు. ఇంజన్ ముందు నాలుగు రెక్కల పంకా ఉండాలి. మూడే ఉన్నాయి.

"నాలుగోది ఏదీ?" అన్నాను.

"కొండల్వాడి సడక్ మీద ఎగిరిపోయింది. రేడియేటర్‌కు తగలలే, మనిషికి తగలలే. తగిలింది ఒక్క సేట్‌కే, గుండెల," అన్నాడు మామ.

వెనక సీట్లోంచి సేట్ దిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని, అంకె కంటే ముందు షరతు చెప్పే మనిషి.

"సూడు హిసాబ్. ఇయ్యాల్టికి తొమ్మిదో దినం దెగ్లూర్‌ల మా మేనకోడలి లగ్గం. పిలగాడు ఈ కార్ల బారాత్ తీస్తనని జిద్దు పట్టిండు. హైవే మీద హోటలోడు ఒకడు ఈ కారు ఇయ్యుమని నా పానం తింటుండు. హోటల్ ముంగట చబూత్ర గట్టి దాని మీద నిలబెడ్తడట, మంది ఫోటోలు దిగుతరట. నేను ఒక్కటే మాట అన్న. కారు తన చక్రాల మీద దెగ్లూర్ పోయి, తన చక్రాల మీద ఇంటికి అచ్చిందా, ఇంట్లనే ఉంటది. తాడు గట్టి గుంజుకచ్చుడు అయిందా, హోటల్‌కు పోతది."

"మరి మామ?" అన్నాను.

"కారే లేకపోతే డ్రైవర్ ఎందుకు?" అన్నాడు సేట్. అందులో కోపమేమీ లేదు, కూడిక తీసివేత మాత్రమే ఉంది. అటువంటి లెక్కలు నేనూ చెప్పినవాణ్ణే. మామ బానెట్ మీద లేని దుమ్మును రుమాలుతో తుడుస్తూ నిలబడ్డాడు.

అసలు పంకా ఎక్కడా దొరకదు. నాలుగు ఊళ్ళకు ఫోన్లు చేశాం. చివరికి సేట్ తన సొంత తెలివి వాడాడు. ఇనుప పెట్టెలు చేసే ఒకాయనకు విరిగిన పంకా ఇచ్చి, 'అచ్చం ఇట్లనే చెయ్' అన్నాడు. పెట్టెలాయన అచ్చం అట్లనే చేశానన్నాడు. నాలుగు రెక్కలు ఉన్నాయి, నడుమ రంధ్రం ఉంది, అచ్చం అంటే ఆయన లెక్కలో అంతే. ఒక రెక్క మిగతావాటికన్నా వెడల్పు, ఒకటి వంపు తక్కువ. వంపులు సరిచేయడానికి నాకు ఒక పూట పట్టింది. రంధ్రాన్ని సరైన నడుమకు తేవడానికి ఇంకో పూట. చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ 'గీ పంకాకు ఇంత సోకెందుకు' అని అడిగిపోయాడు.

అడిగారు కాబట్టి మీకైనా చెబుతాను. ఆ పంకా ఒంటరిగా తిరగదు. అది వాటర్ పంపు ఇరుసు మీదే కూర్చుంటుంది. పంకా వణికితే ఇరుసు వణుకుతుంది, ఇరుసు వణికితే పంపు లోపలి బేరింగ్ వదులై నీళ్ళు కారతాయి. ఆ కారుకు వేరే పంపు లేదు. పాతది ఒకటి అటకమీద ఉందన్నారు. దించి చూస్తే పగిలి ఉంది. అంటే కారు బతుకు పంపు మీద, పంపు బతుకు పంకా మీద, మామ కుర్చీ ఈ మూడింటి మీద ఆధారపడి ఉన్నాయి.

పని విధానం చిన్నది. రెండు ఉక్కు పట్టీల అంచులు కత్తిలా చేసి, స్పిరిట్ లెవెల్‌తో సమంగా పక్కపక్కన నిలబెడతాం. పంకాను ఒక సన్నని ఇరుసుకు ఎక్కించి ఆ అంచుల మీద ఉంచుతాం. బరువైన వైపు దానంతటదే కిందికి దిగుతుంది. ఎదుటి వైపు రెక్కకు మైనం అంటిస్తూ పోతాం. ఎక్కడ వదిలితే అక్కడే పంకా నిలిచిపోయిన క్షణాన పని అయినట్టు. మైనం ఉన్న చోట పంచి అనే మొన ఉలితో గుర్తు కొట్టి, ఆ మైనాన్ని తూచి, అంతే బరువున్న ఇనుప ముక్కను ఆ గుర్తు మీద రివిట్ కొట్టాలి. మిల్లులో కొందరు గోధుమపిండి ముద్ద వాడేవాళ్ళు. పిండి ఆరుతుంది, ఆరితే బరువు తగ్గుతుంది. ఈ సంగతి నేనే కనిపెట్టానని మీకు గొప్పగా చెప్పబోయాను. చెప్పను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

మూడో రోజు సాయంత్రానికి పంకా కత్తి అంచుల మీద నిలిచింది. నా తూకం మిషన్ ఆ వారమే పాడైంది. మైనం ముద్దను కాగితంలో చుట్టుకుని సందు చివరి సరాఫ్ దుకాణానికి వెళ్ళాను. బంగారం తూచే త్రాసు కంటే నమ్మకమైనది ఊళ్ళో ఏముంది? గుమాస్తా మైనాన్ని చూసి మొహం అదోలా పెట్టాడు గానీ తూచాడు.

"రెండు తులాలు. బరోబర్. పాయింట్ అటు లేదు, ఇటు లేదు. గొలుసు చేపిస్తవా దీనితోని?" అన్నాడు.

రివిట్ పని ఖరాదు మిస్త్రీది. రైల్వే గేటు అవతల లేత్ పెట్టుకున్న మనిషి, నా ఈడువాడు. చేతిలో పనితనం ఎంత ఉందో నోట్లో తిట్లు అంత. ఇంతకుముందు ఒకసారి నేను చీటీ మీద గ్రాములు రాసిస్తే, "గ్రాములు గిట్ల నాకు చెప్పకు. మా అయ్య తులాలల్ల చెప్పిండు, నేను తులాలల్ల నేర్సిన," అని చీటీ నా మొహాన విసిరాడు. ఈసారి ఆయన మర్యాద నిలబెడదామనుకున్నాను. చీటీ మీద రాశాను: '2 తులాలు. పంచి గుర్తు మీద.' చీటీని, పంకాను మామ చేతిలో పెట్టాను.

"రివిట్ కొట్టినంక సక్కగ నా దగ్గరికే తేవాలె మామా. మళ్ళొకసారి కత్తి మీద పెట్టి చూస్త. అప్పటిదాంక కారుకు ఎక్కించద్దు."

మర్నాడు ధర్మాబాద్‌లో ఒక రైస్ మిల్లు బ్లోయర్ చూడ్డానికి పోవలసి వచ్చింది. రాత్రికి వస్తాననుకున్నాను, ఆ మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాను. షెడ్డు ముందు కారు ఉంది, కారుకు పంకా ఉంది.

"ఎక్కించినవా?"

"నేను అద్దంటనే ఉన్న. సేట్ ఇనలే. నాలుగు దినాలే ఉన్నయ్, హిసాబ్ చూసిందే గదా, ఇగ ఏం చూసుడు అన్నడు," అన్నాడు మామ.

'హిసాబ్ చూసిందే గదా.' ఆ మాట నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే ఆ వారం మొత్తానికి నాకు నచ్చిన మాట అదొక్కటే. విప్పమని పట్టుబట్టలేదు. కారెక్కి కూర్చున్నాను.

ఊరి చివరి దెగ్లూర్ నాకా దాటేదాకా బాగానే ఉంది. వేగం ముప్పై దాటాక అద్దాలు గణగణమన్నాయి. నలభైకి వచ్చేసరికి మామ జేబులోని తాళాలు కూడా మోగాయి. ఇంజన్ మీద ఒక రూపాయి బిళ్ళను నిలబెట్టి పరీక్షిస్తుంటాను. నెమ్మది మీద నిలబడింది, రేసు ఇవ్వగానే ఎగిరి పడింది.

అక్కడినుంచి మూడు రోజులు నేను చేసిన పనులు రాయడానికే సిగ్గుగా ఉంది. మొదట బెల్టు మార్పించాను. తగ్గలేదు. కింద ఇంజన్ ఇరుసు మీదున్న పుల్లీ ఊడదీసి లేత్ మీద చూపించాను. పుల్లీ నికార్సుగా ఉంది. ఇంజన్ కింది రబ్బర్లు కొత్తవి వేశాం. వణుకు కాస్త మెత్తబడింది గానీ పోలేదు. ఈ మధ్యలో సలహాలు. సేట్ బావమరిది వచ్చి ఇది దిష్టి అన్నాడు. బంపర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టాడు. ఆ వణుక్కి నిమ్మకాయలు గంటలో ఊడిపడ్డాయి. దాంతో దిష్టి ఎంత పెద్దదో రుజువైందన్నాడు. ఇంకొకాయన పెట్రోల్‌లో నీళ్ళు కలిశాయన్నాడు. ఒక పెద్దమనిషి మాత్రం, "పాత ఇంజన్ వణకకపోతే ఏం చేస్తది, నేను వణుకుత లేనా?" అని చెయ్యి చాపి చూపించాడు. ఆ మూడు రోజుల్లో తర్కం ఉన్న మాట అదొక్కటే.

మామ ఏ సలహా ఇవ్వలేదు. రెండో రోజు మాత్రం అన్నాడు.

"హిసాబ్ పటేలా, ఒక్కసారి పంకా ఇప్పి మళ్ళ కత్తి మీద పెట్టి చూడరాదు?"

"పంకా లెక్క తప్పది మామా. దాని మైనం బంగారం త్రాసుల తూపిచ్చిన."

"నాలుగు బోల్టులే గదా. పావుగంట పని."

"నేను తూచిందే నేను మళ్ళ తూస్తనా? ఇంకేమన్న ఉంటే చెప్పు!"

గట్టిగా అరిచాననుకుంటాను. షెడ్డు బయట నిలబడ్డ సేట్ లోపలికి వచ్చాడు. 'మరి వణుకు ఎక్కడిది' అని అడిగాడు. బెల్టు కాదు, పుల్లీ కాదు, రబ్బర్లు కాదు. జాబితాలో ఎవరూ మిగల్లేదు, నేను తప్ప.

"బిగించేటప్పుడు మామ రెక్క వంచిండనుకుంట," అన్నాను.

సేట్ మామ వైపు చూశాడు. మామ నా వైపు చూశాడు. "నలభై ఏండ్లల నా చేతుల ఒక్క బోల్టు వంకర పోలే," అని మాత్రం అని బయటికి పోయాడు.

వాళ్ళు వెళ్ళాక కొలిచాను. రేడియేటర్‌కు ఒక పుల్ల ఆనించి పంకాను చేత్తో తిప్పాను. నాలుగు రెక్కల కొసలూ పుల్లను ఒకే దూరంలో దాటిపోయాయి. ఏ రెక్కా వంగలేదు. సేట్‌కు వెంటనే ఫోన్ చేసి చెప్పవలసిన మాట అది. చెప్పలేదు. అంకె చేతిలో ఉండి కూడా నోరు తెరవకపోవడం ఆ ఒక్కసారే చేశాను. ఒక్కసారి చాలదా?

ఆ సాయంత్రమే పంపు కింద మొదటి చుక్క కనిపించింది. నిమిషానికి నాలుగు చుక్కలు. మర్నాడు పొద్దున ఇరవై. ఆ మధ్యాహ్నం ముప్పై ఎనిమిది. పరీక్ష పేరుతో ఇంజన్ నడిపిన ప్రతిసారీ చుక్కలు పెరిగాయి. అంటే నా పరీక్షే పంపును తింటోంది. పెళ్ళి ఎల్లుండికి వచ్చింది. సేట్ కబురు పంపాడు. లగ్గం నాడు కారు నడపడానికి ట్రావెల్స్ నుంచి వేరే డ్రైవర్‌ను మాట్లాడాడట. 'మామ చేతులు ఇదివరకటి తీరు లేవు' అన్నాడట.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వెళ్ళాను. నా ముందు కంచం ఉంది గానీ నేను అక్కడ లేను. మా ఇంటావిడ మెడలోని గొలుసు చూపిస్తూ ఏదో చెబుతోంది.

"ఇంటున్నవా? కొక్కెం ఊడితే సరాఫ్ దుకాణంల ఇచ్చొచ్చిన. మా అమ్మ పెట్టింది గదా, రెండు తులాల గొలుసు. తూపిస్తే ఎంత అచ్చిందో ఎరుకేనా? రెండు తులాల మూడు గ్రాములు! పైన ఇంక ముప్పై పాయింట్లు! ఇన్నేండ్లు మెడల ఏసుకుంటే అరగాలె, పెరిగింది. మా అమ్మ మీ అమ్మోలె కాదు. చెప్పిందానికంటె ఎక్కువే పెట్టింది."

"మా అమ్మ మధ్యల ఎందుకచ్చింది?" అన్నాను అలవాటు కొద్దీ. అని, చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాను.

మా అత్తగారు రెండు తులాలే పెట్టింది. ఆమె తులం పాతది, పదకొండు గ్రాముల అరవై ఆరు పాయింట్లు; పాయింటంటే గ్రాములో నూరో వంతు. ఇప్పుడు సరాఫ్ దుకాణంలో తులమంటే పది గ్రాములు. పాత తులాలు రెండు కలిస్తే ఇరవై మూడు గ్రాముల ముప్పై రెండు. ఇరవై తీసేస్తే మిగిలేది మూడు గ్రాముల చిల్లర. మా ఇంటావిడ గొలుసు పెరగలేదు. నా పంకా పెరిగింది.

చెయ్యి కడుక్కుని అక్కడే గోడకు ఆనుకుని గుణించాను. మూడు గ్రాముల ముప్పై రెండు పాయింట్లు, నడుమ నుంచి ఏడంగుళాల దూరం, నిమిషానికి మూడు వేల చుట్లు. ఆరు కిలోల బలం. ఆరు కిలోల సంచి ఒకదాన్ని ఆ ఇరుసుకు కట్టి సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ గుంజినట్టు. మూడు రోజులు. నా చీటీతో.

"అన్నం తిన్నంక లెక్కలు చేసుకోరాదూ?" అని వెనక నుంచి ఆమె అంటోంది. మోటార్ సైకిల్ తీశాను.

ఖరాదు మిస్త్రీ లేత్ ఆపలేదు.

"రెండు తులాలు దేంతోని తూచినవ్?" అని అరిచాను.

"తరాజుతోని. చేత్తోనా?"

"రాళ్ళు చూపియ్యి!"

పెట్టెలోంచి మఖ్మల్ గుడ్డ మూట తీశాడు. ఇత్తడి రాళ్ళు, వాళ్ళ నాన్నవి. అంచులు నున్నగా అరిగి మెరుస్తున్నాయి.

"అస్సల్ తులం. ఇసొంటియి ఇప్పుడు దొరకయ్," అన్నాడు గర్వంగా.

"అది పాత తులం! నేను రాసింది కొత్త తులం!"

"తులం అంటే తులమే గదా! పాతది కొత్తది ఏంది, నువ్వు చీటీ మీద రాసినవా? నీ పది గ్రాములది తులమెట్లయితది? సరాఫోడు లెక్క చెయ్యలేక పెట్టుకున్న పేరది. నువ్వు గ్రాములల్ల రాస్తే నేను గ్రాములల్లనే చేస్తుంటి!"

"గ్రాములల్ల రాస్తే నా మొకాన కొట్టినవ్ గదయ్యా!"

"కొట్టిన. కొట్టినంక మళ్ళ నువ్వు గ్రాములల్లనే రాయాలె. గంత జ్ఞానం లేదా, హిసాబ్ అని పేరు పెట్టుకున్నవ్?"

ఆయన తూకం తప్పలేదు, సరాఫ్ గుమాస్తా తూకం తప్పలేదు. ఇద్దరి మధ్య రాత నాది. తెలుగు, మరాఠీ, దక్కనీ మూడూ మాట్లాడే ఊరు ఇది. మూడింటిలోనూ తులం తులమే. అందుకే అది ఎవరి తులమని అడగాలని నాకు తట్టలేదు.

మిస్త్రీని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చి పంకా విప్పాం. ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీశాను. ఈసారి కత్తి అంచుల మీద పెట్టాను. పైకి ఒకసారి, పక్కకు ఒకసారి, కిందికి ఒకసారి, మొత్తం పన్నెండు చోట్ల వదిలి చూశాను. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది. ఎక్కించి ఇంజన్ నడిపితే రూపాయి బిళ్ళ నిలబడి మమ్మల్నే చూస్తోంది. వణుకు పోయింది. కానీ కారడం ఆగలేదు. నిమిషానికి నలభై ఒక్క చుక్క. బేరింగ్ ఒకసారి వదులైతే క్షమాపణ చెప్పినా బిగుసుకోదు.

"పంపు ఇయ్యి, కొత్త బేరింగ్, కొత్త సీలు ఏస్త. ఆరు దినాలు పడ్తది," అన్నాడు మిస్త్రీ. మాకు ఒక రోజు ఉంది.

పెళ్ళినాడు పొద్దున సేట్ ఇంటి ముందు కారుకు బంతిపూలు కట్టారు. ట్రావెల్స్ డ్రైవర్ నల్లకళ్ళద్దాలతో స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. మామ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని గేటు పక్కన, ఇంటి బంధువూ కాక పనివాడూ కాక నిలబడ్డాడు. సేట్ కుటుంబం అంతా వరండాలో ఉంది. నేను నేరుగా వెళ్ళి చెప్పాను.

"సేట్, వణుకు తప్పు మామది కాదు. రెక్క వంగలే. వంగలేదని నాకు ఆ దినమే తెలుసు, చెప్పలే. తప్పు నా చీటీది. పాత తులం కొత్త తులం చూడక రాసిన."

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

"చెప్తే హిసాబ్ అనరు గదా ఇగ."

బావమరిది పకపకా నవ్వాడు. సేట్ నవ్వలేదు. కళ్ళద్దాల డ్రైవర్ దిక్కు చెయ్యి ఊపి దిగమన్నాడు. "పంపు కారుతుంది గదా. చేరుతదా?"

"చేరుతది. నీళ్ళు పోసుకుంట పోవాలె. ఎన్ని నీళ్ళు, ఎక్కడెక్కడ అనేది నేను చూస్త. నడిపే చెయ్యి మాత్రం ఆ కారు ఎరిగిన చెయ్యి కావాలె."

మామ వచ్చి సీట్లో కూర్చుని, అద్దం తన ఎత్తుకు సరిచేసుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నర్సీ చౌక్‌లో నాలుగోసారి నీళ్ళు పోస్తుంటే అన్నాడు:

"మూడు దినాలు నిద్ర పోలే హిసాబ్ పటేలా. నా చెయ్యే వంచిందేమో అని నాకే అనుమానం అచ్చింది."

ఆ మాట విని నేను క్యాన్ మూత పెట్టడం మర్చిపోయాను.

ఆరుసార్లు ఆగి, ఎనిమిది లీటర్లు పోసి దెగ్లూర్ చేరాం. బారాత్ రెండు గంటలు నడిచింది. బ్యాండు వాళ్ళ అడుగుకు కారు అడుగు. గాలి ఆడని ఆ నెమ్మదిలో ఇంజన్‌ను కాపాడింది పంకా ఒక్కటే. అది తన పని తాను చేసింది. వరుడికి ఒక్క వణుకూ తగల్లేదు. కానీ చివర ఇంజన్ ఆపి చూస్తే పంపు కింద చుక్కలు లెక్కపెట్టే అవసరం లేకుండా ధార కట్టింది. పంకాను చేత్తో కదిపితే ఇరుసు టకటకమంది. ఇంటికి ఇంకా ఎనభై కిలోమీటర్ల చిల్లర. సేట్ బావమరిది అప్పటికే తాడు ఉన్న లారీని వెతుకుతున్నాడు.

పెళ్ళి భోజనం ఆకు ముందు కూర్చుని లెక్క వేశాను. ఇరుసు మీద బరువు ఎంత? పంకా ఒక కిలో తొమ్మిది వందలు. అది లేకపోతే వదులైన బేరింగ్ మీద బెల్టు గుంజుడు ఒక్కటే మిగులుతుంది, కారడం తగ్గుతుంది. మరి పంకా లేకపోతే చల్లదనం? బారాత్‌లో కావాలి. ఖాళీ సడక్ మీద నలభై వేగంతో పోతే ఎదురుగాలి చాలు.

"మామా, నాలుగు బోల్టుల పని. పంకా ఇప్పేద్దాం," అన్నాను.

"మూడు దినాల కింద నేను ఇదే చెప్పిన," అన్నాడు మామ.

విప్పాం. పంకా మందం పోయింది కాబట్టి బోల్టుల కింద వాషర్లు వేసి పంపు పుల్లీ బిగించాం. ధార మళ్ళీ చుక్కలైంది. నర్సీ చౌక్‌లో ట్రాఫిక్ ఆగితే ఇంజన్ ఆపేసి, నేనూ వెనక సీట్లో వచ్చిన ముగ్గురు పెళ్ళివాళ్ళూ కారును నెట్టాం. నెట్టడం తాడు కట్టడం కిందికి రాదని మామ తీర్పు చెప్పాడు. మొత్తం మూడుసార్లు ఆగాం, నాలుగు లీటర్లు పోశాం. ఆ దారంతా, నేను వంపులు తీర్చి, కత్తి మీద నిలబెట్టి, పన్నెండు చోట్ల పరీక్షించిన పంకా నా ఒడిలో చంటిపిల్లలా కూర్చుంది. ఇంజన్ దాని అవసరమే లేకుండా హాయిగా నడిచింది.

పొద్దు గూకే ముందు కారు గేటులోకి వచ్చింది. సేట్ మా కంటే ముందే వేరే బండిలో వచ్చేశాడు. ముందు చక్రాల వైపు చూశాడు, తర్వాత వెనక తాడు ఉందా అని చూశాడు. తర్వాత నా ఒడి వైపు చూశాడు.

"పంకా ఇక్కడున్నదేంది?"

"అది గూడ అచ్చింది సేట్. మీరు కారు రావాలె అన్నరు గని పంకా తిరుక్కుంట రావాలె అనలే," అన్నాడు మామ.

షరతు పెట్టింది సేటే. ఎక్కడా పంకా ప్రస్తావన లేదు. లోపలికి పోయి హోటల్‌వాడికి ఫోన్ చేశాడు.

ఖరాదు మిస్త్రీ పంపును ఆరు రోజుల్లో బాగుచేస్తానన్నాడు, పదకొండు పట్టింది. కారు ఇంకా ఆ ఇంట్లోనే ఉంది, మామ ఇంకా ఆ సీట్లోనే ఉన్నాడు. నేను ఆ తర్వాత ఏ చీటీ మీదా గ్రాములు తప్ప రాయలేదు. మిస్త్రీ వాటిని యథాప్రకారం నా మొహాన విసిరాడు, నేను యథాప్రకారం ఏరి మళ్ళీ ఇచ్చాను. మీకు చెప్పవలసింది కూడా అంతే: తూకం ఎంత అని అడిగే ముందు ఎవరిదో అడగండి.

పోయిన నెల మామ నన్ను ఆ కార్లో మార్కెట్ దాకా దింపాడు. ఎండ తగిలితే ముందు అద్దం మీది ఎండ రేకు దించాను. దాని వెనక ఒక కాగితం గుచ్చి ఉంది. నా చీటీ. '2 తులాలు. పంచి గుర్తు మీద.' దాని కింద పెన్సిల్‌తో, వంకర అక్షరాలతో మామ ఒక్క మాట రాసుకున్నాడు.

'ఎవలయి?'